కోపం ‘మీద’, భయం ‘అంటే’, ‘చూసి’ సంతోషం: ఇంగ్లీషులో వీటి పక్కన ఏ ప్రిపొజిషన్ పెట్టాలి?

గుంటూరు అరండల్‌పేటలో గానీ, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర గానీ ఏ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో గంట సేపు కూర్చున్నా ఈ వాక్యం ఒక్కసారైనా వినపడుతుంది: ‘హి ఈజ్ యాంగ్రీ ఆన్ మీ’. చెప్పినవాళ్లకు గ్రామర్ రాక కాదు. టెన్సులు సరిగ్గానే వాడతారు, మాట కూడా ధారాళంగానే వస్తుంది. ‘నా మీద కోపం’ అని మనసులో అనుకుని, ‘మీద’ అంటే ‘ఆన్’ కాబట్టి దాన్ని అక్కడ పెట్టేస్తారు. టేబుల్ మీద పుస్తకానికి ‘ఆన్’ సరిపోతుంది. మనిషి మీద కోపానికి సరిపోదు.

ఈ చిక్కు ఇంగ్లీషుకే ఉందనుకోకండి. తెలుగులో కోపం ‘వస్తుంది’, భయం ‘వేస్తుంది’, జాలి కూడా ‘వేస్తుంది’, అసహ్యం ‘పుడుతుంది’. ‘నాకు కోపం వేసింది’ అని ఎవరైనా అంటే వెంటనే చెవికి తగులుతుంది. ఎందుకు తప్పు అని అడిగితే మాత్రం చెప్పలేం, అలా అనరు అంతే. యాంగ్రీ పక్కన ‘ఆన్’ వింటే ఇంగ్లీషువాళ్ల చెవికి కూడా అలాగే తగులుతుంది. అందుకని ‘యాంగ్రీ’ని ఒక మాటగా, ‘విత్’ని ఇంకో మాటగా నేర్చుకోవద్దు. ‘యాంగ్రీ విత్’ అని జంటగా నేర్చుకోవాలి.

మూడు గుంటలు: మీద, అంటే, చూసి

తెలుగులో ఒక్క ‘మీద’ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. కోపం, అసూయ, జాలి, ఆసక్తి, అనుమానం, ప్రేమ అన్నీ ఎవరో ఒకరి ‘మీదే’. ఇంగ్లీషులో అవి తలో దారి పడతాయి: యాంగ్రీ విత్, జెలస్ ఆఫ్, సారీ ఫర్, ఇంట్రెస్టెడ్ ఇన్, సస్పీషస్ ఆఫ్, ఇన్ లవ్ విత్. ఆరు చోట్ల ‘మీద’ ఉన్నా ఒక్క ‘ఆన్’ కూడా రాలేదు. భావాలు చెప్పే విశేషణాల్లో రోజూ పనికొచ్చే ‘ఆన్’ దాదాపుగా ‘కీన్ ఆన్’ ఒక్కటే. కాబట్టి నోట్లోకి ‘ఆన్’ వచ్చిందంటే అక్కడ ఆగి ఇంకోసారి ఆలోచించండి. పదిలో తొమ్మిదిసార్లు అది తప్పే.

‘అంటే’ కూడా ఇలాంటిదే. పామంటే భయం, పులిహోరంటే ఇష్టం, క్రికెట్టంటే పిచ్చి. మొదటి రెండూ ‘ఆఫ్’ వైపు వెళ్తాయి: అఫ్రెయిడ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్. మూడోది మాత్రం క్రేజీ ఎబౌట్.

మూడో గుంట ‘చూసి’. కోస్తా జిల్లాల ఇంగ్లీషులో దీని ముద్ర బాగా కనిపిస్తుంది. ‘నిన్ను చూసి సంతోషం వేసింది’ అన్నది ‘ఐ యామ్ హ్యాపీ బై సీయింగ్ యూ’ అయిపోతుంది. ‘బై సీయింగ్’ అంటే ‘చూడడం అనే పద్ధతి ద్వారా’ అన్నట్టు వినిపిస్తుంది. సరైనది ‘హ్యాపీ టు సీ యూ’. ఆశ్చర్యం, విచారం, ఆనందం ఏదైనా ‘చూసి, విని, తెలిసి’ కలిగితే విశేషణం తర్వాత ‘టు’ పెట్టి క్రియ వాడండి: సర్‌ప్రైజ్డ్ టు సీ, సారీ టు హియర్, షాక్డ్ టు లెర్న్. ‘చూసి గర్వపడ్డాను’ అనాలంటే ‘ప్రౌడ్ ఆఫ్ హిమ్’ చాలు, చూడడం ఊసే అక్కర్లేదు.

నమ్మదగ్గవి రెండున్నాయి. ‘గురించి’ని కళ్లు మూసుకుని ‘ఎబౌట్’ చేసేయొచ్చు. పరీక్ష గురించి బెంగ అంటే వర్రీడ్ ఎబౌట్, ఇంటర్వ్యూ గురించి కంగారు అంటే నర్వస్ ఎబౌట్. ‘తో’ చాలావరకు ‘విత్’ అవుతుంది. మార్కులతో తృప్తి అంటే శాటిస్‌ఫైడ్ విత్, వాడితో విసిగిపోయాను అంటే ఫెడప్ విత్. ‘తో’ దెబ్బ కొట్టే చోటు ఇంకోటుంది, దాని సంగతి తర్వాత.

యాంగ్రీ: ఒకే మాటకు మూడు కొక్కేలు

ఈ ఒక్క మాట బాగా పట్టుబడితే సగం పని అయినట్టే. కోపం వచ్చినప్పుడు మూడు సంగతులు ఉంటాయి: ఎవరి మీద, ఏ విషయంలో, ఏం చేసినందుకు. మూడింటికీ వేరువేరు ప్రిపొజిషన్లు. మనిషికి ‘విత్’, విషయానికి ‘ఎబౌట్’, చేసిన పనికి ‘ఫర్’.

‘షి ఈజ్ యాంగ్రీ విత్ ద ప్లంబర్.’ ‘షి ఈజ్ యాంగ్రీ ఎబౌట్ ద బిల్.’ ‘షి ఈజ్ యాంగ్రీ విత్ ద ప్లంబర్ ఫర్ కమింగ్ లేట్.’ మూడో వాక్యంలో రెండు ప్రిపొజిషన్లు పక్కపక్కనే సర్దుకున్నాయి చూడండి. ‘యాంగ్రీ ఎబౌట్ ద ప్లంబర్’ అన్నా అర్థమవుతుంది గానీ, ప్లంబర్ అనే ఆ వ్యవహారమంతా ఆమెకు చిరాగ్గా ఉందన్నట్టు వినిపిస్తుంది. నేరుగా ఆయన మీద కోపం అన్నట్టు ఉండదు.

‘యాంగ్రీ ఎట్’ కూడా ఉంది. మనిషికి ‘ఎట్’ పెట్టడం అమెరికాలో ఎక్కువ, ‘విత్’ బ్రిటన్‌లో ఎక్కువ. రెండూ సరైనవే, పరీక్షలో ఏది రాసినా తప్పు పట్టరు. నిర్ణయం, అన్యాయం లాంటి వాటికి ‘ఎట్’ రెండు చోట్లా నడుస్తుంది. అనాయిడ్, ఫ్యూరియస్ కూడా ఇదే దారి: మనిషికి విత్, విషయానికి ఎబౌట్.

‘మ్యాడ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. అమెరికన్ వాడుకలో ‘మ్యాడ్ ఎట్ మై బాస్’ అంటే బాస్ మీద మండిపడుతున్నాను అని. ‘మ్యాడ్ ఎబౌట్ మై బాస్’ అంటే ఆయనంటే నాకు పిచ్చి ప్రేమ అని. కాల్ సెంటర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

భయం: ఆఫ్, బై, ఫర్

అలవాటుగా ఉండే భయానికి ‘ఆఫ్’: అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్, స్కేర్డ్ ఆఫ్ హైట్స్, టెరిఫైడ్ ఆఫ్ ఇంజెక్షన్స్. ఒక సంఘటన భయపెడితే ‘బై’ వస్తుంది. ‘ఐ యామ్ ఫ్రైటెన్డ్ ఆఫ్ డాగ్స్’ అంటే కుక్కలంటే ఎప్పుడూ భయమే. ‘ఐ వాజ్ ఫ్రైటెన్డ్ బై ఎ డాగ్’ అంటే నిన్న రాత్రి సందు మలుపులో ఒక కుక్క మీదకొచ్చింది, అంతే. మామూలుగా కుక్కలంటే భయం లేకపోయినా రెండో వాక్యం అనొచ్చు.

‘అఫ్రెయిడ్ బై’ అన్నది మాత్రం ఇంగ్లీషులో లేదు. ఫ్రైటెన్, స్కేర్, టెరిఫై అనేవి క్రియలు, అంటే ఒకటి ఇంకొకర్ని భయపెట్టగలదు. అందుకే వాటికి ‘బై’ అతుకుతుంది. ఈనాటి ఇంగ్లీషులో ‘అఫ్రెయిడ్’ అనే క్రియ లేదు కాబట్టి దానికి అతకదు. అదే పదానికి ఇంకో పేచీ కూడా ఉంది: ‘ఎన్ అఫ్రెయిడ్ బాయ్’ అనకూడదు, ‘ఎ ఫ్రైటెన్డ్ బాయ్’ అనాలి.

‘ఫర్’ పెడితే అర్థమే తిరగబడుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు మునిగాయి. అప్పుడు వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఆఫీసులో చెప్పాల్సిన మాట ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఫర్ మై పేరెంట్స్’. వాళ్లకేమవుతుందో అని వాళ్ల తరఫున పడే భయం అది. ‘అఫ్రెయిడ్ ఆఫ్ మై పేరెంట్స్’ అంటే అమ్మానాన్నలంటేనే భయం, పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు భయం లాంటిది. తడబాటు ఉంటే ‘వర్రీడ్ ఎబౌట్ మై పేరెంట్స్’ అనేస్తే ఏ గొడవా లేదు.

క్రియతో కలిపేటప్పుడు ‘ఆఫ్’ తర్వాత ‘ఇంగ్’ రూపమే రావాలి: అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్. ‘అఫ్రెయిడ్ టు జంప్’ వేరు. మన చేతిలో లేకుండా జరిగిపోతుందేమో అన్న భయానికి ‘ఆఫ్ ఫాలింగ్’. మనం చేయాల్సిన పనికి భయపడి వెనకడుగు వేస్తే ‘టు జంప్’. పడిపోవాలని ఎవరూ నిర్ణయించుకోరు కాబట్టి ఆ అర్థంలో ‘అఫ్రెయిడ్ టు ఫాల్’ కుదరదు.

అఫ్రెయిడ్‌తో పాటు ‘ఆఫ్’ గూట్లో ఉండేవి: ప్రౌడ్, అషేమ్డ్, జెలస్, ఎన్వియస్, ఫాండ్, సస్పీషస్, టయర్డ్, సిక్. వీటికి వేరే వివరణ అక్కర్లేదు, బట్టీ కొట్టేయండి. మనం ‘ఆఫ్’ అని రాస్తున్నాం, పలుకుతున్నాం గానీ దాని ఉచ్చారణ ‘అవ్’. మాటలో అది ముందు పదానికి అతుక్కుపోయి ‘ప్రౌడవ్’, ‘అఫ్రెయిడవ్’ అని వినిపిస్తుంది. వినేటప్పుడు ప్రిపొజిషనే లేదనుకుని, మాట్లాడేటప్పుడు దాన్ని మింగేసేవాళ్లు ఎక్కువ.

తప్పు ప్రిపొజిషన్ పెడితే పరువు పోయే చోట్లు

‘యాంగ్రీ ఆన్’ అన్నా ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. కింద చెప్పేవి అలా కాదు. వ్యాకరణం తప్పుగా ఉండదు, అర్థమే వేరే అవుతుంది. అసలు నష్టం వీటితోనే.

సారీ. ‘సారీ ఎబౌట్’, ‘సారీ ఫర్’ పక్కన వస్తువో పనో ఉంటే క్షమాపణ: సారీ ఎబౌట్ ద నాయిస్, సారీ ఫర్ బీయింగ్ లేట్. ‘ఫీల్ సారీ ఫర్’ పక్కన మనిషి వస్తే అది జాలి. మేనేజర్‌కి పొరపాటున ‘ఐ ఫీల్ సారీ ఫర్ యూ’ అని మెయిల్ పెడితే, ‘పాపం మీరు’ అని ఆయన్ను వెక్కిరించినట్టు ఉంటుంది. ఎవరైనా పోయినప్పుడు పరామర్శకు స్థిరపడిన మాట ‘ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్’. దాన్ని అలాగే వాడాలి, మార్చకూడదు.

హ్యాపీ. మన చేతికొచ్చిన దాని నాణ్యతతో తృప్తి అయితే ‘విత్’: హ్యాపీ విత్ ద న్యూ ఫ్లాట్. కబురు, మార్పు లాంటి వాటికి ‘ఎబౌట్’: హ్యాపీ ఎబౌట్ ద ట్రాన్స్‌ఫర్. ఎదుటివాళ్లకు మంచి జరిగితే ‘ఫర్’. స్నేహితురాలికి వీసా వచ్చిందని తెలియగానే అనాల్సింది ‘ఐ యామ్ సో హ్యాపీ ఫర్ యూ’. అక్కడ ‘హ్యాపీ విత్ యూ’ అంటే నీతో కాపురం బాగుంది అన్నట్టు ఉంటుంది.

టయర్డ్. ‘టయర్డ్ ఆఫ్’ అంటే విసుగు, ‘టయర్డ్ ఫ్రమ్’ అంటే ఒళ్లు అలసట. గుంటూరు నుంచి విజయవాడ దాకా రోజూ బస్సులో వచ్చి పోయేవాళ్లు ‘ఐ యామ్ టయర్డ్ ఫ్రమ్ ద జర్నీ’ అంటే ఒక గ్లాసు మంచినీళ్లు ఇస్తారు. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ టయర్డ్ ఆఫ్ ట్రావెలింగ్’ అంటే ఈ మనిషి ఉద్యోగంలో నిలవడని రాసుకుంటారు.

కన్సర్న్డ్‌కు మూడు రకాలున్నాయి. ‘ఎబౌట్’ పెడితే ఆందోళన, ‘ఫర్’ పెడితే ఒకరి క్షేమం గురించిన ఆందోళన, ‘విత్’ పెడితే అసలు ఆందోళన ఊసే ఉండదు, ఫలానా విషయానికి సంబంధించినది అని మాత్రమే అర్థం. ‘దిస్ చాప్టర్ ఈజ్ కన్సర్న్డ్ విత్ టాక్సెస్’ అన్న వాక్యంలో ఎవరికీ ఏ దిగులూ లేదు.

డిసప్పాయింటెడ్ విషయంలో సర్వీసుకో వస్తువుకో ‘విత్’ సరిపోతుంది. మనిషికి ‘ఇన్’ పెడితే బరువు పెరుగుతుంది. ‘ఐ యామ్ డిసప్పాయింటెడ్ ఇన్ యూ’ అంటే నువ్విలాంటివాడివి అనుకోలేదు అన్నట్టు. చిన్న పొరపాటుకు జూనియర్లను ఈ మాట అనొద్దు.

బోర్డ్‌కు ‘విత్’ పెట్టండి. ‘బోర్డ్ ఆఫ్’ ఇప్పుడు కుర్రకారు మాటల్లో బాగా వినిపిస్తోంది, డిక్షనరీలు కూడా దాన్ని నమోదు చేస్తున్నాయి. అయినా పరీక్ష పేపర్లో ‘విత్’ రాయడమే మంచిది. ‘ఐ యామ్ బోరింగ్’, ‘ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్’ అన్న తప్పులు ప్రిపొజిషన్‌వి కావు. భావం కలిగినవాళ్లకు ‘ఎడ్’, కలిగించినదానికి ‘ఇంగ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నాతో మాట్లాడితే నిద్రొస్తుంది అని మీకు మీరే ఒప్పుకున్నట్టు.

సర్‌ప్రైజ్డ్ లాంటివి

సర్‌ప్రైజ్డ్, షాక్డ్, అమేజ్డ్ లాంటి ఉలికిపాటు మాటలకు ‘ఎట్’ పెట్టినా ‘బై’ పెట్టినా సరే. వీటి మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

‘తో’ దెబ్బ కొట్టే చోటు

నాతో కటువుగా మాట్లాడాడు, మాతో మర్యాదగా ఉంటారు, వాడితో పెళ్లయింది. ఇవన్నీ ఇంగ్లీషులో ‘విత్’ కావు, ‘టు’: రూడ్ టు మీ, పొలైట్ టు అస్, మ్యారీడ్ టు హిమ్. ఒకరి పట్ల మన నడవడిక చెప్పే మాటలకు ‘టు’ వస్తుంది. కైండ్, నైస్, క్రూయెల్ కూడా ఇందులోవే. అయితే చేసిన ఉపకారాన్ని మెచ్చుకునేటప్పుడు ‘ఆఫ్’ వస్తుంది: ఇట్స్ కైండ్ ఆఫ్ యూ టు కమ్.

ప్రశ్నలో ప్రిపొజిషన్ ఎక్కడికి పోతుంది?

తెలుగులో విభక్తి ప్రశ్నపదానికే అతుక్కుంటుంది: ‘దేనికి భయం?’, ‘ఎవరి మీద కోపం?’. ఇంగ్లీషులో ప్రశ్నపదం ముందుకు పోతుంది, ప్రిపొజిషన్ మాత్రం వాక్యం చివర మిగిలిపోతుంది: ‘వాట్ ఆర్ యూ అఫ్రెయిడ్ ఆఫ్?’, ‘హూ ఆర్ యూ యాంగ్రీ విత్?’. మనవాళ్లు ఆ చివరి ముక్కను వదిలేసి ‘వాట్ ఆర్ యూ అఫ్రెయిడ్?’ అని ఆగిపోతారు. మన చెవికి వాక్యం అక్కడితో అయిపోయినట్టే ఉంటుంది, అదే చిక్కు. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని పాత పంతుళ్లు చెప్పిన మాట ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. ‘దట్’ వస్తే ప్రిపొజిషన్ పోతుంది. ‘ప్రౌడ్ ఆఫ్ యూ’ అంటాం గానీ ‘ప్రౌడ్ ఆఫ్ దట్ యూ పాస్డ్’ అనం. ‘ప్రౌడ్ దట్ యూ పాస్డ్’ అనాలి.

నోటుబుక్కు ఎలా పెట్టాలి

రోజువారీ మాటలకు సుమారు 40 జంటలు సరిపోతాయి. రోజుకు 3 చొప్పున వారానికి 6 రోజులు రాస్తే 18 అవుతాయి, మూడో వారం మొదట్లోనే జాబితా పూర్తవుతుంది. ఎడమ వైపు పేజీలో తెలుగు వాక్యం, కుడి వైపు ఇంగ్లీషు వాక్యం రాయండి. విడి పదాలు రాయొద్దు. తెలుగు వాక్యంలో ‘మీద, అంటే, చూసి’ ఉంటే వాటి కింద గీత గీయండి. మర్నాడు కుడి పేజీ మూసి, ఎడమ పేజీ చూస్తూ పైకి చదవండి. తడబడిన జంటను ఆ రోజు జాబితాలో మళ్లీ ఎక్కించండి. వాక్యాలు మీ ఇంటి సంగతులతోనే ఉండాలి. ‘ప్రౌడ్ ఆఫ్ మై కంట్రీ’ నెలకోసారి కూడా పనికిరాదు, ‘వర్రీడ్ ఎబౌట్ ద కరెంట్ బిల్’ ప్రతి నెలా పనికొస్తుంది.

అనుమానం వస్తే లర్నర్స్ డిక్షనరీ చూడండి, మామూలు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ కాదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడింటి లర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. అర్థం పక్కనే ఏ ప్రిపొజిషన్ వస్తుందో, మనిషికా వస్తువుకా అన్నది కూడా ఇస్తారు. గూగుల్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికేవాళ్లు ఒకటి గమనించాలి: ‘యాంగ్రీ ఆన్’ అని కొట్టినా బోలెడు ఫలితాలు వస్తాయి. వాటిలో ‘యాంగ్రీ ఆన్ ద ఫోన్’, ‘యాంగ్రీ ఆన్ మండే’ లాంటివీ ఉంటాయి. ఎన్ని ఫలితాలు వచ్చాయని కాదు, ప్రిపొజిషన్ తర్వాత మనిషి ఉన్నారా లేదా అని చూడాలి.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే ఉద్యోగ పరీక్షల్లాంటి వాటిలో, తప్పు వెతికే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో ఈ జంటలు తరచుగా వస్తాయి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 4 అంశాలకు సమానంగా మార్కులు ఉంటాయి. అందులో పదజాలం ఒకటి, ఏ మాట పక్కన ఏ మాట వాడారన్నది దాని కిందకే వస్తుంది.

ఒక జవాబు దిద్ది చూద్దాం

‘మీకు బాగా కోపం వచ్చిన సందర్భం చెప్పండి’ అంటే వచ్చే జవాబు ఇలా ఉందనుకోండి:

‘ఐ వాజ్ వెరీ యాంగ్రీ ఆన్ మై బ్రదర్. హి టుక్ మై బైక్ వితౌట్ ఆస్కింగ్. హి సెడ్ హి వాజ్ సారీ ఫర్ ద స్క్రాచ్, బట్ ఐ వాజ్ నాట్ హ్యాపీ ఫర్ హిజ్ ఆన్సర్. మై మదర్ వాజ్ అఫ్రెయిడ్ ఫర్ మై ఫాదర్, సో షి డిడ్ నాట్ టెల్ హిమ్. ఐ వాజ్ సర్‌ప్రైజింగ్ బై హర్ సైలెన్స్. నౌ ఐ యామ్ టయర్డ్ ఫ్రమ్ దీజ్ ఫైట్స్.’

మొదటి వాక్యంలో ‘ఆన్’ తీసి ‘విత్’ పెట్టాలి. ‘సారీ ఫర్ ద స్క్రాచ్’ను ముట్టుకోవద్దు, అది సరిగ్గానే ఉంది. తప్పులు వెతికే ఊపులో దీన్ని కూడా మార్చేస్తుంటారు. జవాబుతో తృప్తి లేదంటే ‘హ్యాపీ విత్’. ‘సర్‌ప్రైజింగ్ బై’లో ‘బై’ బాగానే ఉంది, ‘ఇంగ్’ తీసి ‘సర్‌ప్రైజ్డ్ బై’ చేస్తే చాలు. చివర్లో ‘టయర్డ్ ఆఫ్’ కావాలి. ‘ఫ్రమ్’ ఉంచితే అన్నదమ్ములు నిజంగానే కలబడి ఒళ్లు హూనం చేసుకున్నారని అర్థమొస్తుంది.

ఇక నాలుగో వాక్యం. నాన్న కోప్పడతాడని అమ్మ భయపడితే ‘అఫ్రెయిడ్ ఆఫ్ మై ఫాదర్’. నాన్నకు బీపీ ఉండి, వింటే ఏమవుతుందో అని భయపడితే ‘ఫర్’ అలాగే ఉండాలి. దాన్ని దిద్దే ముందు రాసినవాళ్లను ఒక మాట అడగాల్సిందే.